పెద్దాయన బటన్

"సంతకం పెట్టేదాంక ఈ ఇంట్ల పొయ్యి ముట్టియ్య," అంది అత్త సుభాషిణి.

అన్నంత పనీ చేసింది. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర దాటినా కాశిబుగ్గలోని ఆ ఇంట్లో ఉప్మారవ్వ డబ్బాలోనే ఉంది, పాలు ప్యాకెట్‌లోనే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఖాళీ కడుపులతో డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని చిన్నకోడలు హారిక చేతి వైపు చూస్తున్నారు. ఆ చేతి ముందు ఒక ప్రింటు కాయితం, దాని మీద ఒక పెన్ను. కాయితం నిన్న సాయంత్రం నుంచీ అదే. పెన్ను మాత్రం మూడుసార్లు మారింది, పెన్ను బాగాలేకనే ఆమె సంతకం పెట్టడం లేదన్నట్టు.

కాయితంలో ఉన్నది నాలుగే వరుసలు. రైతు పేరు మల్లక్క, నర్సంపేట పక్క ఊరు. సరుకు చపాటా మిర్చి, ముప్పై ఆరు బస్తాలు. గురువారం మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ నుంచి విడుదల. రైతు సమ్మతి: అందింది. కింద ఖాళీ గీత, దాని కింద 'కంప్యూటర్ ఇన్‌చార్జి' అని అచ్చు.

ఆ నాలుగో వరుస అబద్ధమని హారిక అంటోంది. మిగతా ఇల్లంతా అది నిజమంటోంది.

"కంప్యూటర్ల ఉన్నదే కాయితం మీద ఉన్నది," అన్నాడు మామ ఓంప్రకాశ్. ముప్పై ఏళ్లుగా కోల్డ్ స్టోరేజీ నడుపుతున్న మనిషి, గొంతు ఎప్పుడూ గోదాములో మాట్లాడినంత ఎత్తులోనే ఉంటుంది. "ఆ కంప్యూటర్ రాసింది నువ్వు. నువ్వు రాసినదాని మీద నీకే నమ్మకం లేదా?"

"లేదు మామయ్యా."

ఈ జవాబు ఆయన ఊహించలేదు. ఉందంటే సంతకం పెట్టమనొచ్చు, ఏడిస్తే ఓదార్చొచ్చు. ఆమె లేదనేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బావ రమాకాంత్ అందుకున్నాడు. "పదకొండు గంటలకు మల్లక్క, ఆ ఊరి పెద్దమనిషి సారయ్య వస్తాండ్రు. సంతకం ఉన్న కాయితం చూపెడితే సల్లబడి పోతరు. చూపెట్టకపోతే రేపు మార్కెట్ల ఎవ్వని నోట్ల చూసినా మన ముచ్చటే ఉంటది. ఈ ఒక్క మాట నీకెందుకు అర్థమైతలేదు?"

"అర్థమైంది బావా. ఆమె ముప్పై ఆరు బస్తాలు ఎటు పోయినయో అది మాత్రం అర్థమైతలేదు."

"ఆమెనే తీస్కపోయింది. ఇగ ఎవ్వలు తీస్కపోతరు?"

"తీస్కపోయిన మనిషి మర్నాడు శుక్రవారం మల్ల ఎందుకొచ్చింది? ఇత్తనానికి రెండు బస్తాలు ఇయ్యిమని గేటుకాడ ఎందుకు నిలబడ్డది? చాంబర్ల ఆమె జాగ ఖాళీగ ఉందని తెలిసినాంక పొద్దూకేదాంక ఆ మట్టిల ఎందుకు కూసున్నది?"

సుభాషిణి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, పొయ్యి ముట్టించనని తానే శపథం చేసిన సంగతి గుర్తొచ్చి వెనక్కి వచ్చి కూర్చుంది.

"చదువుకున్న కోడలు చదువుకున్న కోడలు అని నెత్తిన పెట్టుకున్నం," అంది ఆమె, ఎవరితోనో చెబుతున్నట్టు గోడ వైపు చూస్తూ. "పెట్టుకున్నందుకు మంచిగనే మొట్టికాయలు వడ్తానయి."

నెత్తిన పెట్టుకున్న మాట నిజమే, హారిక కాదనదు. మూడేళ్ల కింద ఆమె ఈ ఇంటికి వచ్చినప్పుడు స్టోరేజీలో చిరిగిన రిజిస్టర్లు తప్ప ఏమీ లేవు. ఆమె కూర్చుని వెబ్ అప్లికేషన్ రాసింది. బస్తా లోపలికొస్తే రైతు ఫోన్‌కు మెసేజ్, బయటికి పోవాలంటే అదే ఫోన్‌కు ఆరంకెల నంబరు. ఆ నంబరు గేటు దగ్గర రైతు తన నోటితో చెబితేనే బస్తా కదిలేది. ఓంప్రకాశ్ ఆ సంగతి తోటి వ్యాపారులకు ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. 'మా కోడలు రాసింది' అని మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు.

ఆ మురిపెం మొన్న ఫిబ్రవరి దాకానే.

ఓంప్రకాశ్ స్టోరేజీలో కంప్యూటర్ కన్నా పాత పద్ధతి ఒకటుంది. సేటు మాట. సరుకు దాచినప్పుడు ఇచ్చిన బాండు కాయితం వానకు తడిసిపోయిందనో, రైతు దవాఖానలో ఉన్నాడనో ఫోను వస్తే, ఆయన వరండాలో నిలబడి "ఇడువుండ్రి" అని ఒక్క కేక వేసేవాడు. బస్తాలు వెళ్లిపోయేవి, కాయితం తీరిగ్గా తర్వాత వచ్చేది. ఆ కేక వల్ల ముప్పై ఏళ్లలో ఒక్క బస్తా తేడా రాలేదు. ఆ మాట ఆయనకు ప్రాణం. సీజన్ మొదట్లో గేటు దగ్గర ఒక ముసలి రైతుకు ఫోన్ సిగ్నల్ అందక నంబరు రాలేదు, గంటసేపు ట్రాక్టర్ ఆగిపోయింది. ఆ రోజు ఆయన హారిక టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా గేటు నా మాటకు తెరుచుకోదా?" అన్నాడు. "అర్ధగంటల తెరుచుకునేటట్టు చెయ్యి."

ఆమె చేసింది. ఆయన ఫోన్‌లో నొక్కితే గేటు తెరుచుకునే బటన్ ఒకటి పెట్టింది. ఆ చేసిన పనే ఇవాళ ఆమె మెడకు చుట్టుకుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో పని చేసే వస్తువులన్నిటినీ, అంటే ఒక్కో పనికి ఒక్కో కోడు ముక్కను, కంటైనర్ అనేది తయారు చేసి ఉంచుతుంది. రైతుకు నంబరు పంపి సరిచూసే వస్తువు ఒకటి, స్టాకులోంచి బస్తాలు తగ్గించే వస్తువు ఒకటి, ఇలా. ఎవరికి ఏది కావాలో కంటైనరే చేతికందిస్తుంది. కానీ అందించేది తాను తయారు చేసినవాటికే. బస్తాలు బయటికి పోవడానికి చీటీ రాసే గేట్ పాస్ లాంటిది మామూలు క్లాసు, అది అవసరం పడ్డప్పుడు అప్పటికప్పుడు పుడుతుంది. కంటైనర్‌కు దాని ఊసే తెలియదు, దాని చేతికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

పద్ధతిగా చేయాలంటే గేట్ పాస్‌ను కూడా కంటైనర్ కిందికి తీసుకురావాలి. అందుకు రెండు రోజులు పట్టేది. పెద్దాయన ఇచ్చింది అరగంట. హారిక మొత్తం కంటైనర్‌నే తెచ్చి అందరికీ అందేచోట నిలబెట్టింది. దానికి కంటెక్స్ట్ హోల్డర్ అని పేరు పెట్టింది. ఎంత మామూలు క్లాసైనా సరే, దాని దగ్గరికెళ్లి ఒక పేరు చెబితే ఆ వస్తువును చేతిలో పెడుతుంది. నువ్వెవరు, నీకెందుకు అని అడగదు. పెద్దాయన బటన్ నొక్కితే గేట్ పాస్ ఆ దారిన పోయి నేరుగా స్టాకు వస్తువును పట్టుకుంటుంది. రైతును అడిగే వస్తువు మొహం కూడా చూడదు.

స్టాకు వస్తువుకు పాపం ఏ కపటమూ తెలియదు. తన దాకా వచ్చారంటే రైతును అడిగే వచ్చుంటారని దాని నమ్మకం. ఎవరొచ్చినా బస్తాలు తగ్గించి, 'రైతు సమ్మతి: అందింది' అని రాసేస్తుంది.

'తర్వాత తీసేయాలి' అని హారిక ఆ ఫైలు నెత్తిన ఒక వాక్యం రాసుకుంది. ఆ 'తర్వాత' ఆరు నెలలుగా రాలేదు. తప్పు చేసిందనే సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"మీరు బటన్ నొక్కలేదు కద మామయ్యా?" అని అడిగింది ఇప్పుడు.

ఓంప్రకాశ్ మొహం ఎర్రబడింది. "ఎన్నిసార్లు చెప్పాలె? ఆ గురువారం నేను హుజూరాబాద్ల పెండ్లికాడ ఉన్న. ఫోన్ సుత ముట్టలే."

"తెలుసు. మీ బటన్ నొక్కితే ఏ గంటకు నొక్కిండ్రో గుర్తు పడ్తది. గురువారం ఆ గుర్తు లేదు, నేను చూసిన. మీ మీద నాకు అనుమానం లేదు."

"మరింకేంది నీ బాధ?"

"మీ బటన్ కాకుండ ఇంకేదో అదే దారిల నడిచింది. అది తెలిసేదాంక నేను సంతకం పెట్ట."

భర్త సాయితేజ కుర్చీ వెనక్కి జరిపి లేచి, వంటింట్లోకి రమ్మని ఆమెకు కళ్లతో సైగ చేశాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు, ఒకే బెంచీ. అప్లికేషన్‌లో రిపోర్టుల పేజీలన్నీ అతనివే. ఈ ఇంట్లో ఆమె మాట చెప్పకముందే అర్థమయ్యే మనిషి అతనొక్కడే అని ఆమె ధీమా.

"జర నా మాట ఇను," అన్నాడు తలుపు దగ్గరగా వేసి. "ఆ దారి పెట్టింది నువ్వు. బయటపడితే ఎవ్వలి పేరు పోతది? మా బాపు పేరు పోదు, అన్న పేరు పోదు. నీదే పోతది."

"పోనీ."

"పోనీ అంటే అయితదా? రేపు ఎవ్వలైన నీకు పని ఇస్తరా? సంతకం పెట్టు, ఇయ్యాలటికి గడువని. మల్లక్కకు నేను ఎట్లనో అట్ల నచ్చజెప్త. ఫికర్ చెయ్యకు."

"ఏమని నచ్చజెప్తవు? నువ్వు అబద్ధం ఆడినవని మా దగ్గర కాయితం ఉందని చెప్తవా?"

"అబద్ధమని ఎవ్వలన్నరు?"

"ఆ కాయితం అంటాంది. నేను సంతకం పెట్టినంక నేను సుత అన్నట్టే."

సాయితేజ గ్యాస్ పొయ్యి మీద చేయి పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆమె ఎదురుచూసింది. అతను చెప్పింది మాత్రం, "నీకు ఇల్లు వద్దు, మనుషులు వద్దు, నీ మాట గెలిస్తే చాలు," అని.

ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఆ ఏడుపును కూడా సంతకం కింద జమ కట్టుకునే ఇల్లిది. కుళాయి తిప్పి మొహం కడుక్కుని బయటికి వచ్చేసింది.

పదకొండింటికి రావలసిన మల్లక్క పదింటికే వచ్చింది. ఆటో దిగి గేటు ముందు నిలబడి, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక రెండడుగులు ముందుకీ వెనక్కీ వేసింది. యాభై అయిదేళ్లుంటాయి. ఎండకు నల్లబడిన చేతులు, వేళ్ల కొసలు మిర్చి తొడిమలు తీసీ తీసీ ఎర్రటి మరకలు పట్టి ఉన్నాయి. ఆమె వెనుక సారయ్య, తెల్ల చొక్కా, భుజాన తువ్వాల.

ముందుగదిలో సారయ్యకు కుర్చీ వేశారు. మల్లక్క గుమ్మం పక్కన కింద కూర్చోబోయింది.

"అక్కడ కాదు మల్లక్కా, లోపలికి రా," అంది హారిక. "సారయ్య తాత, నువ్వు సుత రా. ముచ్చట టేబుల్ కాడ ఉంది."

రైతులు ముందుగది దాటి లోపలికి రావడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. సుభాషిణి కళ్లు పెద్దవయ్యాయి. ఊరివాళ్ల ముందు కోడలిని గదమాయించలేక కొంగు సర్దుకుంది. మల్లక్క వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ అంచు మీద, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది.

ఓంప్రకాశ్ కాయితం జరిపాడు. "ఇగో సారయ్యా. కంప్యూటర్ కాయితం. గురువారం బస్తాలు ఇచ్చినం, ఈమె ఒప్పుకున్నంకనే ఇచ్చినం. అంతా దీంట్ల రాసి ఉన్నది."

సారయ్య కాయితాన్ని దూరంగా పట్టుకుని నిదానంగా చదివాడు. "సంతకం లేదు సేటూ," అన్నాడు.

"పెడ్తది. మా కోడలు పెడ్తది."

"పెట్టను," అంది హారిక.

రమాకాంత్ పళ్లు కొరికాడు. సాయితేజ కిటికీ వైపు తిరిగాడు.

మల్లక్క రవికెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి చిన్న బటన్ ఫోను తీసి హారిక ముందు పెట్టింది. "నాకు ఏ నంబరు రాలే బిడ్డా. నాకు సదువు రాదు, కని నంబరు వస్తె మా పక్కింటి పోరితోని సదివిచ్చుకుంట. పోయినేడు సుత గట్లనే సదివిచ్చుకున్న. ఈ తాప రాలే. నువ్వే సూడు."

హారిక చూసింది. గురువారం ఏ మెసేజూ లేదు. ఫోను మామ వైపు జరిపింది. ఆయన చూడకుండానే వెనక్కి జరిపాడు.

"మల్లక్కా," అన్నాడు రమాకాంత్, గొంతు మెత్తగా చేసుకుని. "ఇత్తనం కోసమే కద నీ ఫికర్? చపాటా ఇత్తనం బజార్ల దొరుకుతది. రెండు బస్తాలకు పైనే నేనే ఇప్పిస్త."

"దొరుకుతది సేటూ. ఎందుకు దొరకది. అది నాది గాదు." మల్లక్క అరవలేదు. "మా అత్త సచ్చిపోయేటప్పుడు నాకు బంగారం ఇయ్యలే, ఆమెకు లేదు. ఇత్తనం ఇచ్చింది. ఇరవై ఏండ్ల సంది ఏడాదికేడాది మంచి కాయ ఏరి పక్కకు పెట్టుకుంటాన. నారు పోసే యాల్ల అయిపోతాంది. ఈ ఏడు పోయకపోతె ఇగ ఆ ఇత్తనమే లేదు. నా మీద దొంగ పేరు పెడితె పెట్టుండ్రి, నా ఇత్తనం ఏడున్నదో చెప్పుండ్రి."

హారిక ఇంక ఆగలేకపోయింది. ఈ ఇంట్లో ఎవరైనా ముందు నిజం చెబుతారేమోనని రెండు రోజులు చూసింది. చాలు.

"తప్పు నాది మల్లక్కా," అంది.

"హారికా!" అన్నాడు మామ.

"చెప్పనియ్యిండ్రి మామయ్యా. మా సాఫ్ట్‌వేర్ల బస్తా బయటికి పోవాలంటే రెండు తలుపులు దాటాలె. మొదటి తలుపుకాడ నిన్ను అడుగుతది, నీ ఫోన్‌కు నంబరు వస్తది. రెండో తలుపుకాడ బస్తా ఇస్తది. నేను ఏం చేసిన అంటే, మొదటి తలుపు దాటకుండనే ఎవ్వలైన సక్కగ రెండో తలుపుకాడికి పోయే దారి పెట్టిన. మామయ్య కోసం పెట్టిన. కని ఆ దారిల మామయ్య ఒక్కడే నడవాలె అని ఏడ రాయలే. రెండో తలుపు ఎవ్వలొచ్చినా నీ మాట తీస్కొనే వచ్చిండ్రనుకుంటది. అందుకే నువ్వు ఒప్పుకున్నవని అబద్ధం రాసింది."

మల్లక్క తన ఫోను దగ్గరికి లాక్కుంది. "అంటె ముందట దర్వాజకాడ కావలి మనిషిని నిలబెట్టి, ఎనుక గోడకు కన్నం పెట్టినవన్నట్టు."

"పెట్టిన."

"కన్నంల కెల్లి ఎవలు అచ్చిండ్రు?"

"అది ఇప్పుడు చూద్దాం. అందరి ముందట చూద్దాం. నిన్ననే చూసేదాన్ని, కని ఒక్కదాన్నే చూస్తే నేనే ఏదో మార్చిన అంటరు." హారిక లాప్‌టాప్ తెరిచింది. "వెతుకుడు గాదు, ఆ దారినే తీసేస్త. తీసేస్తే ఆ దారి లేకుండ నడవలేని ఫైలు ఏదున్నా ఎర్రగీత పడి తన పేరు తానే చెప్తది. దాచిపెట్టుడు ఎవ్వలతోని కాదు."

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు. "తీసేస్తవా? తీసేస్తే నా బటన్?"

"అది సుత పోతది."

"అంటే రేపటి సంది నా గేటు నా మాటకు తెరుచుకోదు."

"తెరుచుకోదు మామయ్యా. రైతు మాటకు తెరుచుకుంటది."

"ఫోన్ సిగ్నల్ లేని ముసలోడు ట్రాక్టర్ తోని వస్తే?"

"ఆయన కోసం వేరే పద్ధతి రాద్దాం. ఆయన్ను అడిగే పద్ధతి. ఆయన తరఫున మీరు అవునంటే నడవది."

ముప్పై ఏళ్ల కేక ఆయన గొంతు దాకా వచ్చింది, ఆమె చూస్తూనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కేక వల్ల ఎందరో రైతులకు మేలు జరిగింది, అదీ ఆమెకు తెలుసు. అయినా ఆయన మాట వేరు, మల్లక్క మాట వేరు. ఒకరి నోరు ఇంకొకరికి అరువు ఇవ్వడం కుదరదు. ఇంత తేలికైన సంగతి చెప్పడానికి ఆరు నెలల కింద తనకు ధైర్యం చాలలేదే అని ఆమెకు సిగ్గేసింది.

"ఇను," అన్నాడు ఓంప్రకాశ్, గొంతు బాగా తగ్గించి. ఆయన గొంతు తగ్గిస్తే ఇంట్లో అందరికీ భయం. "అది తీసేసినవంటే ఈ స్టోరేజీ కంప్యూటర్ మల్ల ముట్టొద్దు. ఇయ్యాలటితోని నీకు దానికి సంబంధం లేదు. ఆలోచించి చెయ్యి."

"అయ్యో, వద్దమ్మా," అంది సుభాషిణి. మొదటిసారి ఆమె గొంతులో కోపం లేదు. "నాలుగు మెతుకులు తిని మాట్లాడుకుందాం. పొయ్యి ముట్టిస్త."

"ముట్టియ్యి అత్తమ్మా. మల్లక్కకు సుత పెట్టు, పొద్దుగాల బస్సుకు బయలెల్లింది." హారిక మామ వైపు తిరిగింది. "సరే మామయ్యా. మల్ల ముట్ట. ఇది ఒక్కటి చేసి లేస్త."

మూడేళ్లు రాసిన పని. ఒక్కో పేజీ ఆమెకు పేరు పేరునా తెలుసు. సర్వర్ నుంచి అందరూ రాసిన తాజా ఫైళ్లన్నీ దింపింది. కంటెక్స్ట్ హోల్డర్ ఫైలు తెరిచి, తర్వాత తీసేయాలి అన్న తన వాక్యం చూసి, మొత్తం చెరిపేసింది. అప్లికేషన్‌ను మళ్లీ కట్టమని ఆజ్ఞ ఇచ్చింది.

తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. సారయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రమాకాంత్ కూడా తెలియకుండానే మెడ సాచాడు.

ఎర్రగీత పడింది.

"ఇది మామయ్య బటన్," అంది హారిక. "దీని సంగతి నాకు తెలుసు."

"మరి ఇగ అంతేనా?" అన్నాడు రమాకాంత్. "చూసినవా, ఇంకేం లేదు. ఊకెనే ఇల్లంత..."

రెండో ఎర్రగీత పడింది.

ఆ ఫైలు పేరు హారిక ఎప్పుడూ చూడలేదు. లాట్ షిఫ్ట్. ఆమె రాయలేదు. తెరిచింది. ఇరవై వరుసలు కూడా లేవు. ఒక లాట్‌లో, అంటే ఒకరి పేరు మీదున్న సరుకులో, బస్తాలు తక్కువైతే, అదే రకం సరుకున్న ఇంకో రైతు లాట్‌లోంచి తీసి లారీ నింపమని ఉంది. రైతును అడిగే మాట అందులో ఎక్కడా లేదు. స్టాకు వస్తువును పేరు పెట్టి పిలిచి, ఆమె పెట్టిన దారినే నడుచుకుంటూ పోయింది.

గురువారం మూడు వందల చపాటా బస్తాల లారీ ఒకటి బయటికి పోయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సరుకు అడిగిన వ్యాపారి పెద్ద చేయి. అతని లాట్‌లో ఎన్ని బస్తాలు తక్కువ పడ్డాయో ఇప్పుడు హారికకు లెక్క వేయనక్కరలేదు.

ఏ ఫైలు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెప్పే చోటు ఒకటుంది. అక్కడ నొక్కింది. బుధవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పక్కన పేరు.

ఆమె ఆ పేరును ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. గురువారం తర్వాత ఈ మూడు రోజులూ పక్కనే ఉన్నాడు. వంటింట్లో నిలబెట్టి సంతకం పెట్టమన్నాడు. నీ పేరు పోతుందన్నాడు. నీ మాట గెలిస్తే చాలు నీకు అన్నాడు. ఆమెకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది, ఒళ్లంతా పాకేంత కోపం.

"ఎవలు బిడ్డా?" అంది మల్లక్క. "పేరేమున్నది?"

కిటికీ దగ్గరి నుంచి సాయితేజ రెండంగల్లో టేబుల్ దగ్గరికి వచ్చాడు. లాప్‌టాప్ మూత మీద చేయి వేశాడు. "చాలు," అన్నాడు. "తర్వాత మాట్లాడుకుందాం. లోపల మాట్లాడుకుందాం."

హారిక మూత కింద అరచేయి అడ్డం పెట్టింది. అతను నొక్కాడు. ఆమె తీయలేదు. ఓంప్రకాశ్ కొడుకు మొహం చూశాడు, కోడలి మొహం చూశాడు, మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

మామ ఎదురుగా మొగుడిని పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో కోడళ్లకు లేదు.

"చెయ్యి తియ్యి సాయీ," అంది హారిక. మూత తెరిచి తెరను అతని వైపు తిప్పింది. "నేను చదవ. నువ్వే చదువు. గట్టిగ చదువు, మల్లక్కకు ఇనబడాలె."